సిమెంటు అచ్చులకు నూనె పూయు పద్ధతి

హైదరాబాదుకు తూర్పున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములు మన రైతు సోదరులకు కొత్తవి కావు. నల్లగొండ వైపు నుండి బత్తాయి, మామిడి లోడులతో వచ్చినవారు ఆ రెంటి నడుమ నున్న గడ్డిఅన్నారము పండ్ల మార్కెటును చాల ఏండ్లు ఎరుగుదురు. 2021-22లో ఆ మార్కెటు బాటసింగారమునకు తరలినది. విజయవాడ రహదారికి ఇరుప్రక్కల ఒకప్పుడు పొలములుగా ఉన్న నేల నేడు ఇండ్లతో నిండినది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడచుట ఆరంభమైనది.

ఈ దారిన పోవు రైతు ఎక్కడో ఒకచోట కట్టుచున్న ఇంటిని చూడక తప్పదు. అక్కడ స్లాబు పోయుటకు ముందు, పరచిన సెంట్రింగు రేకుల మీద ఒక కూలి కుంచెతోనో, పాత గుడ్డతోనో నూనె పూయుచుండును. చూచుటకు అది చాల చిన్న పని. మేస్త్రీ గూడ దానిని అంతగా పట్టించుకొనడు. కాని ఇదే పని ఇప్పుడు మన గ్రామములలోను జరుగుచున్నది. బావి వరలు, పశువుల నీటి తొట్లు, కుడితి గోలెములు, కంచె కడీలు, కాలువల మీది మూతలు, ఇవన్నియు అచ్చులో పోసినవే. ఆ అచ్చుకు ఏ నూనె పూసితిమి, ఎంత పూసితిమి అనుదానిపై వస్తువు గట్టిదనమే గాక, ఆ తొట్టిలో నీరు త్రాగు పశువుల ఆరోగ్యము, ఆ బావి నీరు త్రాగు కుటుంబము యొక్క ఆరోగ్యము గూడ ఆధారపడి యున్నవి. కావున ఈ విషయమును కొంత వివరముగా తెలిసికొనుట అవసరము.

అచ్చుకు నూనె ఎందులకు?

ఇటుకలు కోయువాడు అచ్చును నీటిలో ముంచి, లోపల ఇసుక చల్లి, ఆ పిదప మట్టి ముద్దను వేయును. ఇడ్లీ పోయు ఇల్లాలు పళ్లెములకు ముందుగా నూనె రాయును. పనసపండు కోయువాడు చేతికి, కత్తికి నూనె పట్టించును. ఈ మూడింటి వెనుక ఉన్న సూత్రము ఒక్కటే. అంటుకొను గుణము గల పదార్థమునకు, దానిని పట్టియుంచు వస్తువునకు నడుమ ఒక పలుచని పొర ఉండవలెను.

సిమెంటు విషయములో ఈ అవసరము ఇంకను ఎక్కువ. తడి కాంక్రీటులోని సిమెంటు పాలు చెక్క యొక్క సన్నని రంధ్రములలోనికి, ఇనుప రేకు మీది త్రుప్పు గరుకులోనికి దిగి అక్కడనే గట్టిపడును. అప్పుడు అచ్చును బలవంతముగా ఊడదీసినచో, కడీ అంచులు విరుగును, వర ముఖము పెచ్చులూడును, చెక్క చీలును. ఒక్కొక్కప్పుడు గునపముతో ఎత్తవలసి వచ్చి, వస్తువు లోపల కంటికి కనబడని పగుళ్లు ఏర్పడును. అట్టి వర బావిలో దించిన పిదప పగిలిన, దానిని బాగుచేయుట ఎంత కష్టమో రైతులకు తెలియనిది కాదు.

పెద్ద పనులలోను ఈ జాగ్రత్త తప్పదు. ఎల్.బి.నగర్ మెట్రో వంతెన పైభాగము, వేరొకచోట పోసి తెచ్చిన కాంక్రీటు ముక్కలను వరుసగా చేర్చి కట్టినది. ఇటువంటి ముక్కలను పోయునప్పుడు, ముందు పోసిన ముక్క ముఖమునే తరువాతి ముక్కకు అచ్చుగా నిలిపెదరు. అందువలన రెండును సందు లేకుండ ఒకదానికొకటి సరిపోవును. నడుమ అంటుకొనకుండ చేయు పూత లేనిచో ఆ రెండు ముక్కలు ఒకే బండగా మారిపోవును.

ఆ పొర పనిచేయు తీరు

అచ్చుకు పూయు పదార్థములు రెండు విధములుగ పనిచేయును. మొదటి విధము కేవలము అడ్డు పొర. ఖనిజ నూనెలు, మైనము, ప్లాస్టిక్ కాగితము ఈ తరగతికి చెందినవి. ఇవి కాంక్రీటును అచ్చుకు తగులనీయవు, అంతే.

రెండవ విధము కొంచెము విచిత్రమైనది. సిమెంటు నీటితో కలిసినప్పుడు అందులో సున్నము విడుదల యగును. పూసిన పదార్థములో కొవ్వు ఆమ్లములు ఉన్నచో, అవి ఆ సున్నముతో కలిసి సున్నపు సబ్బుగా మారును. ఈ సబ్బు పొర నీటిలో కరగదు. అది కాంక్రీటుకు, అచ్చుకు మధ్య జారుడుగా నిలిచి, అచ్చు తేలికగా విడిపోవుటకు సాయపడును. కఠినమైన బోరు నీటితో బట్టలు ఉతుకునప్పుడు సబ్బు నురుగు రాక, బకెట్టు అంచున తెల్లని తెట్టు కట్టుట మీరు చూచియే యుందురు. ఆ తెట్టు గూడ ముఖ్యముగా ఇట్టి సున్నపు సబ్బే. బట్టల ఉతుకులో మనలను విసిగించు ఆ తెట్టే ఇక్కడ మనకు మేలు చేయుచున్నది.

కాలిన నూనె వాడరాదు

మన ప్రాంతములలో ఎక్కువగా కనబడు అలవాటు, ట్రాక్టరు, లారీ, మోటారు సైకిళ్ల నుండి తీసిన పాత ఇంజను నూనెను అచ్చుకు పూయుట. దీనిని కాలిన నూనె, నల్ల నూనె అందురు. మెకానికు షెడ్డులో చౌకగా దొరకును, కొన్నిచోట్ల ఊరకనే దొరకును. పలుచగా ఉండుటకు కొందరు ఇందులో డీజిలు కలిపెదరు. అచ్చు ఊడివచ్చుచున్నది గదా, ఇంకేమి కావలెనని వారి ఆలోచన.

ఇది పొరపాటు. కేంద్ర ప్రజా పనుల శాఖ తన పనుల నిబంధనలలో, సెంట్రింగుకు సబ్బు ద్రావణము గాని, పచ్చి అవిసె నూనె గాని, ఆమోదించిన ఇతర నూనె గాని పూయవచ్చునని చెప్పి, నల్ల నూనెను, కాలిన నూనెను ఎట్టి పరిస్థితిలోను అనుమతించరాదని స్పష్టముగ వ్రాసినది. దీనికి తగిన కారణములు ఉన్నవి.

మొదటిది, కాలిన నూనె కాంక్రీటు ముఖమున నల్లని మరకగా దిగును. ఆ ముఖము మీద గిలాబు గాని, సున్నము గాని సరిగా పట్టదు. స్లాబు క్రింది గిలాబు కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడిపడుటకు గల కారణములలో ఇది ఒకటి.

రెండవది, అది ఇనుప చువ్వలకు అంటినచో కాంక్రీటుకు, చువ్వకు ఉండవలసిన పట్టు తగ్గును. చువ్వ వేయుటయే ఆ పట్టు కొరకు.

మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది. ఇంజనులో కాగిన నూనెలో ఇంజను భాగముల అరుగుదల నుండి వచ్చిన లోహముల పొడి, ఇంధనము కాలుట వలన చేరిన తారు వంటి విష పదార్థములు ఉండును. సీసము కలిపిన పెట్రోలును 2000 సంవత్సరములో దేశమంతట నిలిపివేసినందున ఆ నూనెలో సీసము మునుపటికన్న తగ్గినది గాని, మిగిలిన విషములు పోలేదు. వాడిన ఇంజను నూనెను చుంచుల చర్మమునకు పదే పదే పూసి చేసిన పరీక్షలలో వాటికి చర్మపు కణితులు పుట్టినవి. రోజంతయు ఒట్టి చేతులతో ఈ నూనెను పూయు కూలికి చర్మ వ్యాధులు వచ్చుటకు అవకాశము కలదు.

పశువులకు నూనె, జిడ్డు నాకు అలవాటు ఉన్నది. కొత్త తొట్టి అంచు మీది నల్ల జిడ్డును అవి నాకును. పారవేసిన ఇంజను నూనెను నాకి పశువులు జబ్బుపడుట, చనిపోవుట పశు వైద్యులు ఎరిగిన విషయమే. బావి వరలకు పూసిన నూనె సంవత్సరముల తరబడి నీటిని తాకుచుండును. వెయ్యి రూపాయల నూనె మిగిల్చుకొనుటకై వేల రూపాయల గేదెకు ముప్పు తెచ్చుకొనుట తెలివైన పని కాదు.

వాడిన ఇంజను నూనె చట్టరీత్యా గూడ ప్రమాదకర వ్యర్థమే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నిబంధనల ప్రకారము దానిని అనుమతి పొందిన శుద్ధి కర్మాగారములకే చేర్చవలెను. నేల మీద పారబోయుట, ఇతర పనులకు పూయుట తగదు.

ఏమి పూయవచ్చును?

1. సెంట్రింగు నూనె: దుకాణములలో షట్టరింగు ఆయిలు అను పేర డబ్బాలలో అమ్ముదురు. కంచె కడీలు, కాలువ మూతలు, ఇంటి స్లాబులకు ఇది సరిపోవును. ఇనుప రేకులకు త్రుప్పు పట్టకుండ గూడ కాపాడును. డబ్బా మీద కంపెనీ పేరు, వాడు విధానము ఉన్నదానినే కొనవలెను. పేరు లేని డబ్బాలలో నల్లని నూనె ఇచ్చినచో అది కాలిన నూనెయే కావచ్చును.

2. నీటితో కలుపు రకము: ఇది పాలవలె తెల్లగా నుండును. డబ్బా మీద వ్రాసిన పాళ్లలో నూనెను నీటిలో కలిపి వాడవలెను. వానలో కడుగుకొని పోవును, కావున పూసిన పిదప వాన పడినచో తిరిగి పూయవలెను. నీటితో కలుపుటకు ఉద్దేశింపని నూనెలో నీరు పోసి పెంచరాదు. అది విరిగి, ఒకచోట నూనె, ఒకచోట నీరుగా మిగులును.

3. సబ్బు ద్రావణము: పశువుల తొట్లకు, బావి వరలకు చౌకలో మంచి పద్ధతి. పసుపు రంగు బట్టల సబ్బును సన్నగా తరిగి, వేడి నీటిలో కరగించి, గోడ రంగువలె చిక్కగా చేసి పూయవలెను. డిటర్జెంటు పొడి దీనికి పనికిరాదు. అది నురుగు పుట్టించి కాంక్రీటు ముఖమున గాలి బుడగలను నిలుపును. సబ్బు నీరు ఇనుమునకు త్రుప్పు పట్టించును గనుక, పని ముగిసిన వెంటనే రేకులను కడిగి, తుడిచి, ఆరబెట్టవలెను.

4. అవిసె నూనె, ఇతర వంట నూనెలు: త్రాగునీరు, మేత తగులు వస్తువులకు ఇవియు తగినవే. కాని బజ్జీలు వేయించి మిగిలిన నూనెను వాడరాదు. అందులో చేరిన ఉప్పు ఇనుమునకు హాని. చక్కెర తగిలిన సిమెంటు ఆలస్యముగ గట్టిపడును. అటువంటి నూనె రేకు మీద బంకగా కట్టి, మరుసటి పనికి అడ్డు వచ్చును.

5. ప్లాస్టిక్ కాగితము: తొట్టి వంటి చదునైన అచ్చులకు ముడుతలు లేకుండ పరచినచో నూనె అవసరము లేదు. ముడుతలున్న, అవి కాంక్రీటు మీద గాట్లుగా పడును.

రబ్బరు అచ్చులకు మాత్రము ఖనిజ నూనె, డీజిలు తగిలించరాదు. వాటి వలన రబ్బరు ఉబ్బి చెడిపోవును.

ఎంత పూయవలెను?

నూనె ఎక్కువైనచో అచ్చు బాగుగ విడిపోవునని చాలమంది అనుకొందురు. అది నిజము కాదు. అచ్చు మూలలలో నిలిచిన నూనె కాంక్రీటు ముఖమున గుంటలు, మరకలు చేయును. ఆ భాగము పొడిగా రాలును. దోసె పెనము మీద నూనె మడుగు కట్టినచో పిండి పట్టక జారినట్లే ఇదియు.

నునుపైన ఇనుప రేకు మీద లీటరు నూనె 25 చదరపు మీటర్లకు, అనగా సుమారు 270 చదరపు అడుగులకు పరచినట్లు అనుకొందము. అప్పుడు పొర మందము మిల్లీమీటరులో 25వ వంతు మాత్రమే. లోపలి వ్యాసము 3 అడుగులు, ఎత్తు 1 అడుగు, గోడ మందము 2 అంగుళములు గల బావి వరకు, అచ్చు లోపలి బయటి ముఖములు కలిపి సుమారు 20 చదరపు అడుగులు వచ్చును. ఈ లెక్కన ఒక వరకు 75 మిల్లీలీటర్లు, అనగా ఒక చిన్న టీ గ్లాసెడు నూనె చాలును. లీటరు నూనెతో 13 వరలు పోయవచ్చును. 6 అడుగుల పొడవు, 4 అంగుళముల చదరము గల కంచె కడీలైనచో లీటరుకు 40కి పైగా పోయవచ్చును. చెక్క నూనెను పీల్చును గనుక కొత్త చెక్క అచ్చుకు ఇంతకన్న ఎక్కువ పట్టును. కొత్త చెక్కకు ముందు రోజు ఒకసారి, పోయు రోజున ఒకసారి పూయుట మంచిది.

ఈ లెక్క చూచినచో, మంచి నూనె ఖరీదు ఒక్కొక్క వస్తువు మీద ఎంత స్వల్పముగ పడునో తెలియును. కాలిన నూనె వలన మిగులు డబ్బు నిజముగా చాల తక్కువ.

పూయు క్రమము

మొదట అచ్చుకు అంటిన పాత సిమెంటును గీకి తీసివేయవలెను. త్రుప్పును ఇనుప తీగల బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడువవలెను. మురికి రేకు మీద ఎంత మంచి నూనె పూసినను ఫలితముండదు.

పిమ్మట కుంచెతో గాని, నూనెలో ముంచి పిండిన గుడ్డతో గాని ఒకే తీరుగ పూయవలెను. మూలలు, అతుకులు మరువరాదు. తరువాత పొడి గుడ్డతో ఒకసారి తుడిచి, మిగులు నూనెను తీసివేయవలెను. వ్రేలితో రుద్ది చూచిన, వ్రేలికి జిడ్డు అంటవలెను గాని నూనె కారరాదు. ఇదియే సరియైన కొలత.

నూనె పూయుట ముగిసిన పిదపనే ఇనుప చువ్వలు, సిమెంటు బిళ్లలు అమర్చవలెను. చువ్వలు కట్టిన తరువాత నూనె పూసినచో చువ్వల మీద పడక తప్పదు. భారత ప్రమాణముల సంస్థ కాంక్రీటు పనులకై నిర్ణయించిన 2000 సంవత్సరపు ప్రమాణములో గూడ, అచ్చుకు పలుచగా, సమముగా పూయవలెననియు, చువ్వలకు తగులనీయరాదనియు ఉన్నది. పొరపాటున చువ్వకు నూనె తగిలినచో, పొడి గుడ్డతో తుడిచి, సబ్బు నీటితో కడిగి, ఆరిన పిదపనే వాడవలెను.

ఎండకాలములో మధ్యాహ్నము రేకులు కాలుచుండును. అప్పుడు పూసిన నూనె పలుచనై క్రిందికి జారును, దుమ్ము గూడ అంటును. కావున తెల్లవారుజామున పూసి, ఆ రోజే కాంక్రీటు పోయుట మేలు. పూయువారు చేతికి తొడుగులు వేసికొనవలెను. నూనె పూసిన రేకుల మీద నడచినచో కాలు జారును గనుక జాగ్రత్త అవసరము.

అచ్చు విప్పుట

ఎంత మంచి నూనె పూసినను, సమయమునకు ముందుగా అచ్చు విప్పినచో వస్తువు నిలువదు. మామూలు సిమెంటుతో పోసిన గోడలు, స్తంభముల వంటి నిలువు ముఖముల అచ్చును 16 నుండి 24 గంటల పిదప తీయవచ్చును. వరలకు, తొట్ల ప్రక్కలకు ఒక పూర్తి రోజు ఉంచుట క్షేమము. స్లాబు క్రింది ఆధారములను మాత్రము 4.5 మీటర్ల వెడల్పు వరకు 7 రోజులు, అంతకు మించినచో 14 రోజులు కదల్చరాదు. బూడిద కలిసిన సిమెంటు వాడినచో ఈ గడువులు ఇంకను పెంచవలెను.

అచ్చును గునపముతో పెకలించరాదు. చెక్క సుత్తితో మెల్లగా తట్టి వదులు చేయవలెను. విప్పిన వస్తువును తడి గోనెలతో కప్పి 10 నుండి 14 రోజులు తడి ఆరకుండ చూడవలెను. తొట్టిని ఆ తరువాత నీటితో నింపి, ఒక రోజు ఉంచి, ఆ నీటిని పారబోయవలెను. ఇట్లు రెండు మూడు మారులు చేసినచో సున్నపు ఘాటు, నూనె జిడ్డు పోవును. అటు పిమ్మటనే పశువులకు నీరు పెట్టవలెను.

అద్దె సామాను తెచ్చువారికి

రైతులు అచ్చులను, రేకులను పట్టణము నుండి అద్దెకు తెచ్చుకొనుట నేడు మామూలైనది. హయత్‌నగర్, ఇబ్రహీంపట్నము ప్రాంతముల వారికి ఎల్.బి.నగర్ వైపే దగ్గర. అయితే ఆ రేకులు నిన్నటి వరకు నగరములో ఏదో ఒక స్లాబు క్రింద ఉన్నవి. వాటికి అక్కడ ఏ నూనె పూసినదీ మనకు తెలియదు. కనుక రేకులు దింపుకొనునప్పుడు తెల్లని గుడ్డతో ఒకసారి రుద్ది చూడవలెను. గుడ్డకు నల్లని జిడ్డు అంటినచో, ఆ రేకులను ఇంటి స్లాబుకైనను బాగుగ తుడిచియే వాడవలెను. తొట్లకు, వరలకు అయినచో వేడి సబ్బు నీటితో రుద్ది కడిగి, ఆరబెట్టి, మంచి పూత పూసిన తరువాతనే వాడవలెను. ఆ కడిగిన నీటిని బావి దగ్గర గాని, చెరువులో గాని పోయరాదు. సాధ్యమైనచో నీటి తొట్టికి అద్దె రేకు బదులు ప్లాస్టిక్ కాగితము పరచిన చెక్క అచ్చును వాడుట ఇంకను మేలు.

గ్రామాధికారులు గమనించవలసినవి

పంచాయతీ తరపున పశువుల తొట్లు, మంచినీటి బావుల వరలు పోయించునప్పుడు, కార్యదర్శులు కాంక్రీటు పోయుటకు ముందు అచ్చు దగ్గరకు పోయి మూడు విషయములు చూడవలెను. నూనె డబ్బా మీద పేరు ఉన్నదా? అచ్చు మూలలలో నూనె నిలిచినదా? చువ్వలకు నూనె అంటినదా? ఈ మూడు చూచుటకు ఐదు నిమిషములు చాలును. కాంక్రీటు పోసిన తరువాత వీనిని కనుగొనుట గాని, సరిదిద్దుట గాని సాధ్యము కాదు. పని ఒప్పంద పత్రములోనే కాలిన నూనె వాడరాదని ఒక వాక్యము చేర్చినచో తరువాత వాదులాటకు తావుండదు.

మంచి విత్తనమునకు, మంచి ఎరువునకు రైతు ఎంత శ్రద్ధ చూపునో, ఇరువది ముప్పది ఏండ్లు మన్నవలసిన తొట్టికి, బావికి గూడ అంత శ్రద్ధ చూపవలెను. ఈ పర్యాయము మేస్త్రీ అచ్చు సిద్ధము చేయునప్పుడు, రైతు సోదరులు డబ్బాలో ఏ నూనె ఉన్నదో స్వయముగ చూచి, పై సూచనలను అనుసరించి, తమ కుటుంబములను పశువులను కాపాడుకొనగలరని ఆశించుచున్నాము.